తమ్ముడి ఆర్మీ డిశ్చార్జ్ బుక్కులో రాసిన కారణం మార్పించుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి

పెన్నాగట్టు_77 (జమ్మలమడుగు దగ్గర)

అన్నలూ, ఆర్మీలో చేసి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం ఓపిగ్గా చదవండి, పొడుగ్గా రాస్తున్నా. విషయం నాది కాదు, మా తమ్ముడిది. వాడు 2009 జూన్‌లో భర్తీ అయ్యాడు. ర్యాలీలో పరిగెత్తి ఎక్కినోడు, ఎవరి సిఫారసూ లేదు. 2022 అక్టోబర్‌లో ఇంటికి పంపించేశారు. మొత్తం 13 ఏళ్ల 4 నెలలు. ఏ రెజిమెంటు, ఏ యూనిట్ అనేది ఇక్కడ రాయను, వాడికి ఇష్టం లేదు.

డిశ్చార్జ్ బుక్కులో కారణం రాసే చోట 'సర్వీసెస్ నో లాంగర్ రిక్వైర్డ్' అని ఉంది, దాని పక్కన ఆర్మీ రూల్ 13(3), ఐటెం 3(5) అని ఉంది. ఇంగ్లిష్ వచ్చిన మా మేనమామ దాన్ని చదివి "అంటే నీ అవసరం ఇంక లేదు పో అని" అని ఇంటినిండా చుట్టాలున్నప్పుడు తెలుగులో చెప్పేశాడు. ఆ రోజు నుంచి వాడు ఆ బుక్కు ముట్టుకోలేదు. అమ్మ బియ్యం డ్రమ్ము వెనకాల దాచింది.

ఎందుకు పంపించారంటే నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలు, అంటే శిక్ష పడిన తప్పులని సర్వీసు కాగితాల్లో ఎర్ర సిరాతో రాసేవి. దాచేదేం లేదు, చెప్తా. మొదటిది 2013లో, మా చెల్లెలి పెళ్లికి వచ్చి 9 రోజులు ఆలస్యంగా పోయాడు. రెండోది 2017లో, నాయనకు పక్షవాతం వచ్చి కర్నూలు పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడు 24 రోజులు ఆగిపోయాడు. టెలిగ్రాములు లేని కాలం కదా, ఫోన్ చేసి చెప్పాడు, అది లెక్కలోకి రాలేదు. మూడోది 2020లో, తాగి దొరికాడు, దానికి నేనేం మాట్లాడను. నాలుగోది 2022లో, 41 రోజులు. అప్పుడు వాడు మనిషే కాదు. ఇంట్లో కాకుండా శనగ చేను పక్కన కొట్టంలో పడుకునేవాడు, నిద్ర లేదు, పిలిస్తే పలకడు, రాత్రిపూట లేచి గట్టు మీద నిలబడేవాడు. కడపలో ఒక మానసిక డాక్టర్‌కి రెండుసార్లు చూపించాం. ఆ తర్వాత నేనే రైలెక్కి యూనిట్ దాకా దింపి వచ్చా. అక్కడ మిలిటరీ ఆసుపత్రిలో మూడు వారాలు ఉంచారు, ఏదో మెడికల్ కేటగిరీ తగ్గించారు, బయటికి వచ్చిన కొన్ని వారాలకే షోకాజ్ నోటీసు ఇచ్చారు. వాడు ఏదో రాసిచ్చాడంట, ఏం రాశాడో వాడికే గుర్తు లేదు. నాలుగు నెలల్లో ఇంట్లో ఉన్నాడు.

పింఛను లేదు. ఫండ్ డబ్బులు, ఇన్సూరెన్స్ డబ్బులు వచ్చాయి, అవి నాయన మందులకి, పాత అప్పుకి పోయాయి. ఎక్స్ సర్వీస్‌మన్ కార్డు కోసం పోతే ఈ కారణం మీద రాదని చెప్పారు, మర్యాదగానే చెప్పారు. బ్యాంకులో గార్డు పోస్టుకి ఆ కార్డే అడుగుతున్నారు. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒక బట్టల షాపు గోడౌన్ దగ్గర రాత్రి కాపలా కాస్తున్నాడు.

ఇప్పుడు నా ప్రశ్న. బస్టాండు దగ్గర ఒకాయన ఉన్నాడు, 40 వేలు ఇస్తే ఆ గడిలో 'మెడికల్ గ్రౌండ్స్' అని వచ్చేటట్టు చేయిస్తా అంటున్నాడు. నాకు నమ్మకం లేదు గానీ అమ్మ చెవి కమ్మలు తీసి చేతిలో పెట్టింది. నిజంగా ఆ కారణం మార్చే దారి ఏదైనా ఉందా? ఉంటే ఎవరికి రాయాలి? మూడేళ్లు దాటిపోయింది, ఇప్పుడు అడిగితే వింటారా?

పాత_సుబేదార్ (కర్నూలు)

తమ్ముడూ, ముందు ఆ కమ్మలు మీ అమ్మ చేతికి తిరిగి ఇచ్చెయ్. తర్వాత మిగతాది చదువు.

ఆ బుక్కు అనేది నకలు. అసలు మాట రికార్డ్ ఆఫీసులో ఉంటుంది, సిపాయి సర్వీసులో మార్పులు నమోదు చేసే పార్ట్ టూ ఆర్డర్‌లో, డిశ్చార్జ్ శాంక్షన్ చేసిన ఆర్డర్‌లో. బస్టాండు ఆయన బుక్కులో బంగారు అక్షరాలతో రాయించినా, రేపు బ్యాంకు వాళ్లు వెరిఫికేషన్‌కి ఉత్తరం రాస్తే రికార్డ్స్ నుంచి పాత మాటే వస్తుంది. అప్పుడు మీ తమ్ముడి మీద ఫోర్జరీ కేసు. ఇప్పటికి వాడు క్రమశిక్షణ తప్పిన సిపాయి మాత్రమే, అప్పుడు దొంగ అవుతాడు.

నేను 28 ఏళ్లు చేశాను, అందులో కొన్నేళ్లు యూనిట్‌లో ఇలాంటి కాగితాలు నా చేతుల మీదుగానే పోయాయి. ఒక సంగతి అర్థం చేసుకో. మీరు ఆ గడిలో మాట మార్చమని అడగడం కాదు. ఆ మాట వెనక ఉన్న ఆర్డర్ సరిగ్గా జరిగిందా లేదా అని అడగాలి. ఆర్డర్ నిలబడినన్నాళ్లూ మాట మారదు. ఆర్డర్ పడిపోతే మాట దానంతటదే పోతుంది.

ఇంకోటి, జనం కలిపేస్తుంటారు గానీ డిస్మిస్ వేరు, డిశ్చార్జ్ వేరు. మీవాడిని డిస్మిస్ చెయ్యలేదు. రూల్ 13లో ఉన్న పట్టికలో 'మిగతా అన్ని రకాల డిశ్చార్జ్‌లు' అన్న గడి కింద పంపారు. ఆ గడి కింద పంపే అధికారం బ్రిగేడ్ కమాండర్ లేదా సబ్ ఏరియా కమాండర్‌ది, యూనిట్ కమాండింగ్ ఆఫీసర్ (సీఓ)ది కాదు. అదే జబ్బు వల్ల ఇక పనికిరాడు అని పంపాలంటే అది వేరే ఐటెం, దానికి ఇన్‌వాలిడింగ్ మెడికల్ బోర్డు కూర్చోవాలి. కార్డు సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. పింఛనుతో వచ్చినవాడు ఎక్స్ సర్వీస్‌మన్. సర్వీసు వల్ల వచ్చిన జబ్బుతో మెడికల్ పింఛను తీసుకుని వచ్చినవాడూ ఎక్స్ సర్వీస్‌మనే. దుష్ప్రవర్తన, అసమర్థత కింద పంపబడినవాడు కాడు. కార్డు ఆఫీసువాళ్లు ఏం చేస్తారు, వాళ్ల చేతిలో ఏమీ లేదు.

కాగితాలు తెప్పించు ముందు. ఆర్‌టీఐ కింద, 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి, రికార్డ్ ఆఫీసు సమాచార అధికారికి రాయాలి. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు, అన్నో మామో రాస్తారు, వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపేస్తారు. మీ తమ్ముడే రాయాలి, వాడి సంతకమే ఉండాలి. ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, డిశ్చార్జ్ తేదీ, బుక్కు మొదటి పేజీ జెరాక్స్. ఏమేం అడగాలంటే షోకాజ్ నోటీసు, దానికి వాడిచ్చిన జవాబు, అంతకుముందు జరిగిన ప్రిలిమినరీ ఎంక్వైరీ కాగితాలు, బ్రిగేడ్ కమాండర్ శాంక్షన్ ఆర్డర్, తప్పులు, శిక్షలు రాసే కండక్ట్ షీట్ పూర్తిగా, ఆసుపత్రి కేస్ షీట్, మెడికల్ కేటగిరీ తగ్గించినప్పటి మెడికల్ బోర్డు ఫారం ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్ 15, ఇంటికి పంపేటప్పటి ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్ 16. వాళ్లకు 30 రోజులు గడువు. ఇవ్వకపోతే మళ్లీ 30 రోజుల్లో అక్కడే అప్పీలు. పింఛను లేనివాళ్ల సర్వీసు కాగితాలు 25 ఏళ్ల తర్వాత తీసి పారేస్తారు, మీకు ఆ భయం లేదు, మూడేళ్లే కదా.

తాగిన ఎంట్రీ గురించి నువ్వు మాట్లాడను అన్నావు, మంచిదే. వాడు కూడా దానికి సాకులు రాయకుండా ఉంటే ఇంకా మంచిది.

ఎర్రమట్టి_ఫౌజీ (కళ్యాణదుర్గం)

నేను చెప్పేది నచ్చకపోవచ్చు. నేనూ 17 ఏళ్లు చేశా. మా నాయన చనిపోయినప్పుడు నేను పోస్టు మీద ఉన్నా, పన్నెండో రోజుకి ఊరికి చేరుకున్నా. సెలవు అయిపోయి ఒకడు రాకపోతే వాడి డ్యూటీ పక్కవాడు చేస్తాడు, వాడి సెలవు ఆగిపోతుంది, వాడింట్లో కూడా పెళ్లిళ్లుంటాయి, వాడికీ నాయన ఉంటాడు. నాలుగుసార్లు అయ్యాక పంపిస్తే అన్యాయం అంటే ఎట్లా? 2017ది ఒక్కటి నేను ఒప్పుకుంటా. మిగతావి తెలిసి చేసినవే.

పెన్నాగట్టు_77

అన్నా, మీరన్నది కాదనను. 2013ది వాడి తప్పే, అప్పుడు వాడికి 23 ఏళ్లు, పెళ్లి పనులని మేమే ఆపేశాం, నిజం చెప్పాలంటే మా తప్పు కూడా ఉంది. కానీ 2022లో నేను చూసిన మనిషి తెలిసి చేసే స్థితిలో లేడు. ఆ 41 రోజులు మీరు మా ఇంట్లో ఉండి చూసుంటే ఆ మాట అనరు. వాడు పారిపోలేదు, నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే వచ్చాడు.

చెనక్కాయ_చేను

ఒక చిన్న అనుమానం. పింఛనుకి కావలసిన 15 ఏళ్లకి కొంచెం తక్కువైతే ఆ తక్కువని మాఫీ చేసి పింఛను ఇస్తారని విన్నా, మా పెదనాన్న కొడుక్కి అట్లే ఇచ్చారు. ఇతనికి పనికిరాదా?

పాత_సుబేదార్ (కర్నూలు)

మాఫీ 12 నెలల వరకే. ఇతనికి 20 నెలలు తక్కువ. ఆ తలుపు మూసుకుపోయింది.

అనంత_వకీలు

సుబేదార్‌గారు చెప్పినదాంట్లో మార్చేది ఏమీ లేదు, నేను కోర్టు వైపు చెప్తాను. నేను సర్వీసు కేసులు చూస్తాను, ఎక్కువ పోలీసు, ఆర్‌టీసీ కేసులు, ఆర్మీవి కొన్ని.

మొదట ఎక్కడికి వెళ్లకూడదో చెప్తా. కడప జిల్లా కోర్టుకి కాదు, నేరుగా అమరావతి హైకోర్టుకీ కాదు. ఆర్మీ సర్వీసు తగాదాలకి 2007 చట్టంతో ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ పెట్టారు. మన రాష్ట్రం వాళ్లకి చెన్నై బెంచ్. ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టుకి రిట్ వెయ్యొచ్చని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది, అది తర్వాతి మాట.

నాలుగు రెడ్ ఇంక్ ఎంట్రీలు పడితే ఇంటికే అని యూనిట్లలో ఒక నమ్మకం ఉంది. అది చట్టం కాదు. 1988 డిసెంబర్ 28న ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ ఇచ్చిన పాలసీ లేఖ ఒకటుంది, దాని ప్రకారం పంపించే ముందు ప్రిలిమినరీ ఎంక్వైరీ జరగాలి, అందులో అతను చెప్పుకోవడానికి అవకాశం ఇవ్వాలి, తర్వాత షోకాజ్ ఇవ్వాలి. వీరేంద్ర కుమార్ దూబే కేసులో 2015 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఈ లేఖనే పట్టుకుంది. నాలుగు ఎంట్రీలు ఉన్నాయి అన్న ఒక్క కారణంతో మనిషిని పంపకూడదు, అవి ఎలాంటి తప్పులు, అతను ఎన్నేళ్లు చేశాడు, ఎంత కష్టమైన చోట్ల చేశాడు, పింఛనుకి ఎంత దగ్గర్లో ఉన్నాడు, ఇవన్నీ చూడాలి అని చెప్పింది. అక్కడ ఎంక్వైరీ జరగలేదు కాబట్టి ఆర్డర్ కొట్టేసి, పింఛనుకి సరిపడా సర్వీసు పూర్తయ్యేదాకా అతను ఉద్యోగంలో ఉన్నట్టే లెక్కకట్టమంది. మధ్యకాలానికి జీతం మాత్రం ఇవ్వలేదు. మీ తమ్ముడి లెక్క వేస్తే 2024 జూన్‌కి 15 ఏళ్లు నిండుతాయి. అందుకే ఆ ఎంక్వైరీ కాగితం ఉందా లేదా అన్నదే మీ కేసులో అన్నిటికన్నా ముఖ్యం.

ఇది చదివి ఎగిరి గంతెయ్యొద్దు. 2019లో సత్‌గూర్ సింగ్ కేసులో అదే సుప్రీంకోర్టు, పదేపదే సెలవు మించి ఉండిపోయే అలవాటున్న సిపాయిని పంపడం సరైనదే అంది. కళ్యాణదుర్గం అన్న మాట్లాడిన మాటలే ప్రభుత్వ వకీలు కూడా మాట్లాడతాడు, ఆ మాటలకి బలం ఉంది. వాటికి మీ దగ్గర జవాబు ఉండాలి, అది కన్నీళ్లతో కాదు కాగితంతో.

గడువు సంగతి. ఆర్డర్ వచ్చిన ఆరు నెలల్లో ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. మీది 2023 ఏప్రిల్‌తోనే అయిపోయింది. ఆలస్యాన్ని మాఫీ చేసే అధికారం ట్రిబ్యునల్‌కి ఉంది, తగిన కారణం చూపాలి. ఇప్పుడు కొత్తగా అర్జీ పెట్టి దానికి తిరస్కారం వచ్చిన రోజు నుంచి ఆరు నెలలు లెక్కేసుకోవచ్చు అని కొందరు సలహా ఇస్తారు, అలా పాత గడువు మళ్లీ బతకదు. అర్జీ పెట్టాలి, ఎందుకంటే ముందు శాఖలో అడగకుండా వస్తే ట్రిబ్యునల్ ఒప్పుకోదు. ఆరు నెలలు చూసి జవాబు రాకపోతే వెళ్లొచ్చు. కానీ ఆలస్యానికి వేరే పిటిషన్ తప్పదు, అందులో ఈ మూడేళ్లు అతని ఆరోగ్యం ఎలా ఉందో చూపించాలి. కడప డాక్టర్ చీటీలు ఇక్కడ పనికొస్తాయి. పింఛను అనేది నెలనెలా రావలసింది కాబట్టి అది తేలితే పాత బకాయిలు కూడా ఇస్తారు, కానీ కేసు వేసిన రోజుకి ముందు మూడేళ్ల వరకే, అది 2008లో తార్సేమ్ సింగ్ కేసులో చెప్పారు. అంటే ఆలస్యం చేసేకొద్దీ డబ్బు కూడా పోతుంది.

మెడికల్ దారి రెండోది. కేటగిరీ తగ్గించి ఉన్నప్పుడే క్రమశిక్షణ కింద పంపారంటే అది అడగాల్సిన ప్రశ్నే. భర్తీ అయ్యేటప్పుడు ఏ జబ్బూ రాసి లేకపోతే, తర్వాత వచ్చినది సర్వీసు వల్లే అని మొదట అనుకోవాలి, కాదని చూపించే భారం ప్రభుత్వానిది అని 2013లో ధరంవీర్ సింగ్ కేసులో ఉంది. 2023 సెప్టెంబర్ 21 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి, మీవాడు అంతకుముందే వచ్చేశాడు కాబట్టి పాతవే వర్తిస్తాయి. కానీ రెండు దారులనీ ఒకే ఊపిరిలో అడిగితే జడ్జికి కూడా అయోమయం. ఆర్డర్ తప్పు అన్నది ముందు పెట్టండి, మెడికల్ బోర్డు కూర్చోబెట్టమని అడగడం 'లేదా' కింద పెట్టండి.

ఫీజు భయం ఉంటే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. 2025 జూలైలో సైనికుల కుటుంబాల కోసమని జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది, సైనిక్ బోర్డు ఆఫీసుల్లో న్యాయ సహాయ క్లినిక్‌లు పెట్టడం అందులో భాగం. బస్టాండు ఆయన కన్నా నయం.

గుంతకల్లు_జంక్షన్

నేను ఎప్పుడూ ఇక్కడ రాయను, చదువుతా అంతే. ఇది చూసి ఆగలేకపోయా.

మా ఆయన బుక్కులో 'ఎట్ హిజ్ ఓన్ రిక్వెస్ట్' అని ఉంది. సొంత కోరిక! తొమ్మిదేళ్లకే వచ్చేశాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టినప్పుడు ఆయనకి ఎవరో వెంటపడుతున్నారని భయం, అన్నంలో మందు కలిపారని మూడు రోజులు తినలేదంట. ఇంటికి పోతావా అని అడిగితే పోతా అన్నాడు. అది కోరిక అయిపోయింది. మా అత్త మాత్రం ఇప్పటికీ "నువ్వే కావాలని వదిలేసి వచ్చావు" అని దెప్పుతుంది, ఎందుకంటే బుక్కులో అట్లే ఉంది కదా.

మాకు మొత్తం నాలుగేళ్లు పట్టింది. మేము కూడా మొదట ఆ మాట మార్చమనే రాశాం, ఏడు ఉత్తరాలు, అన్నిటికీ ఒకటే జవాబు, మీరే అడిగారు కాబట్టి మార్చడం కుదరదు. తర్వాత ఒక పెద్దాయన చెప్పాడు, అమ్మా మాట వదిలెయ్, మనిషి జబ్బు గురించి అడుగు అని. అప్పుడు కేసు వేశాం. ట్రిబ్యునల్ మళ్లీ మెడికల్ బోర్డు కూర్చోబెట్టమంది. బోర్డు 30 శాతం అని రాసింది, సర్వీసు వల్ల పెరిగింది అని ఒప్పుకుంది. 50 శాతం కన్నా తక్కువ ఉంటే 50గా లెక్కకట్టే పద్ధతి ఉందంట, అందరికీ వర్తిస్తుందని 2014లో సుప్రీంకోర్టు చెప్పిందంట, మాకు అట్లే వేశారు. పింఛను కాగితం వచ్చాక కార్డు కూడా వచ్చింది. బుక్కులో మాట మాత్రం ఈ రోజుకీ అదే. మా అత్త దెప్పడం కూడా అదే.

మాకు ఏది పనికొచ్చిందో చెప్తా. ఆయన వచ్చిన పదో రోజే అనంతపురంలో ఒక డాక్టర్‌కి చూపించాం, ఆ చీటీ మీద తేదీ ఉంది, డాక్టర్ "మూడు నెలలుగా ఇలా ఉంది" అని రాశాడు. ఆ ఒక్క లైను కోసం వకీలు ఎగిరి గంతేశాడు. మూడు నెలలంటే సర్వీసులో ఉన్నప్పటి నుంచే అని లెక్క. మందుల షాపు బిల్లులు కూడా పారెయ్యకుండా ఉంచితే మంచిది. మేము కొన్ని పారేశాం.

ఇంకోటి, అన్నగారూ, మీరు అన్నీ మీరే రాస్తున్నారు. మీ తమ్ముడి చేత రాయించండి. తెలుగులో అయినా సరే, తప్పులున్నా సరే, అప్పుడేం జరిగిందో. మా ఆయన ఒక నోటుబుక్కు నిండా రాశాడు, రాయడానికి రెండు నెలలు పట్టింది, రాసిన రోజు అన్నం తినేవాడు కాదు. అందులో నేను ఎప్పుడూ వినని విషయాలు ఉన్నాయి, ఆయన పక్కన నిద్రపోయే ఒకతను చనిపోయాడంట, ఆ పేరు నేను పెళ్లయిన పదేళ్లలో ఒక్కసారి కూడా వినలేదు. వకీలు అందులోంచి నాలుగు పేజీలే వాడుకున్నాడు. మిగతాది మా దగ్గరే ఉంది.

ఎర్రమట్టి_ఫౌజీ (కళ్యాణదుర్గం)

అమ్మా, మీరు రాసింది చదివాను. జబ్బు అయితే నేను నా మాట వెనక్కి తీసుకుంటా, 2022 ఎంట్రీ వరకు. తాగిన ఎంట్రీ మీద వెనక్కి తీసుకోను.

పెన్నాగట్టు_77

అందరికీ దండాలు. ఆరు వారాలు దాటింది కదా, ఏమైందో చెప్తా.

కమ్మలు అమ్మకి ఇచ్చేశా. బస్టాండు ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు, రేటు 25 వేలకి దించాడు, అక్కడే అర్థమైంది.

ఆర్‌టీఐ రాయించడమే పెద్ద పని అయింది. వాడు "మళ్లీ వాళ్లని అడుక్కోవాలా" అని వారం రోజులు మొండికేశాడు. గుంతకల్లు అక్క రాసింది ఫోన్‌లో చూపించా. ఏం మాట్లాడలేదు, చదివి ఫోన్ ఇచ్చేసి డ్యూటీకి పోయాడు. పొద్దున వచ్చి పోస్టల్ ఆర్డర్ ఎక్కడ దొరుకుతుంది అని అడిగాడు.

నిన్న కవర్ వచ్చింది, 61 పేజీలు, పేజీకి రెండు రూపాయలు కట్టించుకున్నారు. షోకాజ్ నోటీసు ఉంది. అందులో నాలుగు ఎంట్రీల తేదీలు, వాటి కింద 'కాబట్టి నిన్ను ఎందుకు పంపకూడదో చెప్పు' అని ఉంది, వాడు చేసిన సర్వీసు గురించి, ఎక్కడెక్కడ చేశాడన్న దాని గురించి ఒక్క ముక్క లేదు. మూడేళ్లు మంచు ప్రాంతంలో చేశాడు, అది లేదు. వాడి జవాబు ఉంది, నాలుగు లైన్లు, హిందీలో. చదివితే గుండె పట్టేసింది, 'తప్పయింది సాబ్, నాకు ఏం చెప్పాలో తెలియడం లేదు' అని ఉంది. ప్రిలిమినరీ ఎంక్వైరీ కాగితం అడిగిన చోట 'రికార్డులో లభ్యం కాలేదు' అని రాశారు. ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్ 15లో ఎస్3 టెంపరరీ 24 వారాలు అని ఉంది. దాని తేదీ చూసి షోకాజ్ తేదీ చూస్తే, 24 వారాలు పూర్తి కావడానికి ఇంకా 15 వారాలు ఉండగానే నోటీసు ఇచ్చారు.

వకీలుగారూ, ఇది మంచిదేనా? 'లభ్యం కాలేదు' అంటే జరగలేదని అర్థమా, పోయిందని అర్థమా?

అనంత_వకీలు

అది వాళ్లు తేల్చుకోవాల్సిన ప్రశ్న, మీరు కాదు. జరిగిందంటే చూపించాలి. మీరు అర్జీలో 'జరగలేదు' అని గట్టిగా రాయకండి, 'అడిగితే రికార్డులో లేదన్నారు' అని వాళ్ల ఉత్తరం నంబరు, తేదీ వేసి రాయండి, నకలు జత చెయ్యండి. రేపు ఎక్కడి నుంచో ఒక కాగితం తీసుకొస్తే మీ మాట అబద్ధం కాకూడదు. ఆ ఆర్‌టీఐ జవాబు మీద అప్పీలు కూడా వేసి పెట్టండి, 30 రోజులు, మర్చిపోవద్దు.

ఎస్3 అనేది మనసుకి సంబంధించిన కేటగిరీ. టెంపరరీ అంటే మళ్లీ పరీక్ష చేసి బాగైందో లేదో చూడాలి. చూడకుండానే పంపారు అన్నది మంచి ప్రశ్న. చివర్లో ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్ 16 వచ్చిందా, అందులో ఏముందో ఫొటో తీసి నాకు మెసేజ్‌లో పంపండి, ఇక్కడ పెట్టకండి.

పెన్నాగట్టు_77

పంపించా సార్. అర్జీ మీరు చెప్పినట్టే తయారు చేశాం, సోమవారం జమ్మలమడుగు పోస్టాఫీసులో రిజిస్టర్డ్ పోస్టు, రసీదు జాగ్రత్తగా పెడతా. ఇంగ్లిష్ కాపీ మా మేనమామే టైపు చేసి పెట్టాడు, ఆ రోజు అందరి ముందు చదివి పెట్టింది ఆయనే కదా, ఇప్పుడు ఆయనే రాత్రి పదిదాకా కూర్చుని చేశాడు. తాగిన ఎంట్రీ గురించి 'అది నా తప్పు' అని ఒక్క లైను, అంతే.

తమ్ముడు సంతకం పెట్టాడు. పేరు ముందు నంబరు, ర్యాంకు కూడా రాశాడు, నేను చెప్పలేదు.

పాత_సుబేదార్ (కర్నూలు)

నంబరు రాయడం మంచి పని చేశాడు. లేకపోతే ఎవరి ఫైలో తెలియక వెనక్కి పంపుతారు. కవర్ మీద కూడా రాయమను.